కెమిస్ట్రీ పీహెచ్‌డీకి ఈ ఏడే అప్లై చేయాలా, ఆగాలా? తేల్చుకోవడం ఇలా

ఎమ్మెస్సీ ఫైనలియర్‌లో ఉండగా, సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం సిఫారసు లేఖ అడగడానికి మా ఆర్గానిక్ సార్ గదికి వెళ్లాను. చేతిలో మార్కుల మెమోలు, ఏడు అమెరికా యూనివర్సిటీల పేర్లు రాసుకున్న కాగితం. సార్ కాగితం చూశారు, మెమోలు తిరగేశారు, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నీకు మంచి మార్కులొచ్చాయని వాళ్లకు మెమోలోనే కనిపిస్తుంది కదమ్మా. నేను కొత్తగా ఏం రాయాలో చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. రెండు సెమిస్టర్లు ఆయన క్లాసులో ముందు బెంచీలో కూర్చున్నాను. కానీ నా అంతట నేను ఒక రియాక్షన్ పెట్టి, దాన్ని చివరిదాకా నడపడం ఆయన ఒక్కసారీ చూడలేదు. అడిగాను కాబట్టి లేఖ రాసిచ్చారు. అప్లై చేశాను. మార్చి నెలాఖరుకల్లా ఏడు చోట్ల నుంచీ సీటు లేదనే వచ్చింది. రెండేళ్ల తర్వాత అవే మార్కులతో మళ్లీ అప్లై చేస్తే మూడు చోట్ల వచ్చింది. మధ్యలో మారిందల్లా నేను ల్యాబులో గడిపిన రోజులు, ఆ రోజుల్లో నా పని చూసిన మనుషులు.

అందుకే "అక్కా, ఈ ఏడు అప్లై చేయనా, ఒక ఏడాది ఆగనా" అని ఎవరడిగినా నేను ముందు క్యాలెండర్ తీయను. సార్ నన్నడిగిన ప్రశ్నే వాళ్లనూ అడుగుతాను. ఉస్మానియాలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చదువుతున్నవాళ్లు, చదువైపోయి పటాన్‌చెరు, జీడిమెట్ల కంపెనీల్లో చేరినవాళ్లు ఈ నిర్ణయం ఎలా తీసుకోవాలో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: ఒక కాగితం, మూడు పేర్లు

అమెరికా యూనివర్సిటీలు మామూలుగా మూడు సిఫారసు లేఖలు అడుగుతాయి. మన దగ్గర పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో లేఖలకు అంత పట్టింపు లేకపోయినా, బోర్డులో కూర్చున్నవాళ్లు తిప్పి తిప్పి అడిగేది మీ ప్రాజెక్టు గురించే. కాబట్టి ఈ పరీక్ష అక్కడికి వెళ్లేవాళ్లకూ, ఇక్కడే చేసేవాళ్లకూ పనికొస్తుంది.

కాగితం మీద మూడు పేర్లు రాయండి. ఒక్కో పేరు కింద, ఆ మనిషి తన కళ్లతో చూసిన మీ పని ఒకటి రాయండి. "నా సబ్జెక్టులో ఫస్ట్ వచ్చింది" అన్నది లెక్కలోకి రాదు. "గ్రిన్యార్ రియాక్షన్ మూడుసార్లు ఫెయిలైతే టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్‌లో తేమ ఉందని తనే పట్టుకుంది, సోడియం, బెంజోఫినోన్ వేసి నీలం రంగు తిరిగేదాకా రిఫ్లక్స్ చేసి, అప్పుడు డిస్టిల్ చేసి మళ్లీ పెట్టింది" అన్నది లెక్కలోకి వస్తుంది. ఇలాంటి వాక్యం చదివితే ఎక్కడో మిడ్‌వెస్ట్‌లో కూర్చున్న ప్రొఫెసర్‌కు మీరు కళ్లకు కట్టినట్టు కనిపిస్తారు.

మూడింటిలో ఒకటి ఇలా గట్టిగా ఉండాలి. రెండోది ఓ మోస్తరుగానైనా ఉండాలి. మూడోది పాఠం చెప్పిన సార్ రాసినా ఫర్వాలేదు. మూడూ పాఠం చెప్పినవాళ్లవే అయితే, దయచేసి నా మాట వినండి, ఈ ఏడు ఆగండి.

చాలామంది పెద్ద హోదా ఉన్నవాళ్ల సంతకం కోసం తిరుగుతారు. హెచ్‌ఓడీ సంతకమైతే బరువుంటుందని మన నమ్మకం. మీ ముఖం గుర్తులేని హెచ్‌ఓడీ నాలుగు పొడి వాక్యాలు రాసే కంటే, ఆరు నెలలు మీ పక్కన నిలబడ్డ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒక పేజీ రాయడం వెయ్యి రెట్లు మేలు. రోజూ మీతో పని చేయించింది సార్ కాకుండా ఆ ల్యాబు స్కాలర్ అయితే, లేఖ సార్ రాయాలి, వివరాలు స్కాలర్ ఇవ్వాలి. ఆ మాట మీరే మర్యాదగా అడగవచ్చు: "సార్, నా పని రోజూ చూసింది అన్నే కదా, లేఖ రాసేముందు ఒకసారి అన్నతో మాట్లాడతారా" అని. నాకు తెలిసి ఎవరూ కాదనలేదు.

"నువ్వే రాసుకుని రామ్మా, సంతకం పెడతా" అనే మాట మీకూ ఎదురవుతుంది. రాయకండి. అది నిజాయతీగా సరైన పని కాదు, పైగా మీ ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం), లేఖ ఒకే గొంతుతో ఉన్నాయని చదివేవాళ్లు ఇట్టే పసిగడతారు. దాని బదులు ఒక పేజీలో వివరాలు ఇవ్వండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ల్యాబులో ఉన్నారు, ఏ రియాక్షన్లు పెట్టారు, ఏ ఇన్‌స్ట్రుమెంట్లు సొంతంగా నడిపారు, గ్రూప్ మీటింగులో ఏం చెప్పారు. పని ఎక్కువున్న సార్‌కు కూడా ఆ పేజీ చేతిలో ఉంటే లేఖ రాయడం తేలికవుతుంది.

రెండో అడుగు: మీరు చేసిన ఒక్క పని, ఒక పేజీ

ఇప్పుడు ఇంకో కాగితం తీసుకోండి. ల్యాబులో మీ చేతులతో చేసిన ఒక్క పని గురించి పేజీ నిండా రాయండి. ఏం చేయాలనుకున్నారు, ఏం వచ్చింది, ఎందుకలా వచ్చింది, ఆ తర్వాత ఏం చేశారు. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు.

నా పేజీలో ఏముందో చెబుతాను. మొదటి ప్రయత్నం బెడిసికొట్టాక తార్నాక వైపు ఒక ల్యాబులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. నాలుగో నెలలో నాకొక సుజుకీ కప్లింగ్ ఇచ్చారు. బ్రోమోపిరిడిన్‌ను మెథాక్సీఫినైల్ బోరోనిక్ ఆసిడ్‌తో కలపాలి. పుస్తకంలో చూస్తే చాలా సులువు. రాత్రంతా వేడి చేసి, పొద్దున్నే టీఎల్‌సీ (మిశ్రమంలో ఏమేం ఉన్నాయో మచ్చలుగా విడదీసి చూపే పరీక్ష) నడిపి ప్లేటును యూవీ ల్యాంపు కింద పెట్టాను. పచ్చగా వెలిగే ప్లేటు మీద రెండు నల్లటి మచ్చలు. కిందున్నది నాకు కావాల్సిన ప్రొడక్ట్. పైన సాల్వెంట్ ఫ్రంట్‌కు దగ్గరగా ఉన్న రెండోది ఏమిటో తెలియదు. కాలమ్ చేసి, రెంటినీ విడదీసి తూచితే ప్రొడక్ట్ 30 శాతం కూడా లేదు.

ఆ పైమచ్చను పారబోయకుండా విడిగా పట్టి, ఆరబెట్టి, అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎమ్‌ఆర్‌కు ఇచ్చాను. స్పెక్ట్రమ్‌లో 3.8 దగ్గర మెథాక్సీ సిగ్నల్ ఒక్కటి, అరోమాటిక్ వైపు రెండే రెండు డబ్లెట్లు. పిరిడిన్ జాడే లేదు. అంత తక్కువ సిగ్నళ్లు వచ్చాయంటే అణువు రెండు వైపులా ఒకేలా ఉండాలి. బోరోనిక్ ఆసిడ్ పిరిడిన్‌తో కలవకుండా తనలో తనే జతకట్టేసింది. ఇలా జరగడానికి తరచూ కారణమయ్యేది ఆక్సిజన్. నేను ఫ్లాస్కు మీద నైట్రోజన్ బెలూన్ అయితే పెట్టాను గానీ, సాల్వెంట్‌లో కరిగి ఉన్న గాలిని తీయలేదు. మర్నాడు సాల్వెంట్ లోపలికి సూది దించి అరగంట సేపు నైట్రోజన్ బుడగలు పోనిచ్చి, ఆ తర్వాతే పల్లాడియం క్యాటలిస్టు వేశాను. పైమచ్చ దాదాపు మాయమైంది. ప్రొడక్ట్ రెట్టింపు దాటింది.

పేపరు రాసేంత సంగతి కాదిది. ఈ పని చేసేవాళ్లలో చాలామందికి తెలిసిందే. అయినా రెండోసారి నా ఎస్‌ఓపీలో మొదటి పేరా ఇదే. మొదటిసారి ఎస్‌ఓపీ అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చారు. చిన్నప్పటి నుంచి కెమిస్ట్రీ అంటే ప్రాణమని, మీ యూనివర్సిటీలో చదవడం నా కల అని అందులో ఉంది. పేరు, కాలేజీ మార్చితే అది ఎవరికైనా సరిపోతుంది. పైమచ్చ కథ నాకు ఒక్కదానికే సరిపోతుంది.

మీ పేజీ నిండితే మీ సమయం దగ్గర పడినట్టే. సగంలో ఆగిపోయి, "సార్ చెప్పారు, చేశాను" దగ్గరే తిరుగుతుంటే ఇంకొన్ని నెలలు బెంచి దగ్గర గడపాలి. కంప్యూటేషనల్ వైపు వెళ్లేవాళ్లకూ ఇదే కొలత. కన్వర్జ్ కాని ఒక కాలిక్యులేషన్‌ను ఎలా దారిలో పెట్టారో రాసి చూసుకోండి.

మూడో అడుగు: మన సెమిస్టర్లకు, వాళ్ల డెడ్‌లైన్లకు పొంతన కుదరదని గుర్తించండి

నా తరం వాళ్లలో చాలామందికి ఈ విషయం ఎవరూ చెప్పలేదు. మీకు కచ్చితంగా తెలియాలి.

అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ ఆగస్టులో మొదలవుతుంది. అప్లికేషన్లు ముందటి డిసెంబరులోనే ముగుస్తాయి. ఎక్కువ చోట్ల డిసెంబరు 1, 15 తేదీల్లో, కొన్నిచోట్ల జనవరి మొదట్లో. మన రెండేళ్ల ఎమ్మెస్సీలో చాలా కాలేజీల్లో ప్రాజెక్టు ఉండేది నాలుగో సెమిస్టర్‌లో. అంటే ఫైనలియర్ డిసెంబరులో మీరు అప్లికేషన్ సబ్మిట్ చేసేనాటికి మీ ప్రాజెక్టు ఇంకా మొదలే కాలేదు! లేఖ రాయడానికి సార్‌కు ఏమీ దొరకలేదంటే అది మీ తెలివితక్కువతనం కాదు. రెండు క్యాలెండర్లు కలవకపోవడమే.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, రెండో సెమిస్టర్ అయ్యాక వచ్చే వేసవి. దేశంలోని మూడు సైన్స్ అకాడెమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు ఒక మంచి ల్యాబులో పెడతారు. అయితే దానికి అప్లికేషన్ అంతకుముందు సంవత్సరం చివర్లోనే వేయాలి. అంటే ఎమ్మెస్సీలో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే మీ కన్ను దాని మీద ఉండాలి. అది రాకపోతే నేరుగా ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టండి. ఈ విషయంలో హైదరాబాద్ వాళ్లు అదృష్టవంతులు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ, తార్నాకలో ఐఐసీటీ, గోపనపల్లిలో టీఐఎఫ్‌ఆర్, కంది దగ్గర ఐఐటీ, బాలానగర్‌లో నైపర్, శామీర్‌పేట వైపు బిట్స్ క్యాంపస్. ఇన్ని చోట్లకు ఇంట్లో అన్నం తిని వెళ్లి రాగలిగే ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు.

మెయిల్ పొడుగ్గా రాయకండి. మీరెవరు, ఆయన పేపర్లలో ఏది చదివారు, అందులో మీకు అర్థం కాని ఒక్క ప్రశ్న, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు. అంతే. ఒకే మెయిల్ ఇరవై మందికి కాపీ పెడితే ఆ సంగతి వాళ్లకు తెలిసిపోతుంది.

రెండో దారి, ప్రాజెక్టుతో సహా ఎమ్మెస్సీ పూర్తి చేసి, ఆ తర్వాతి డిసెంబరులో అప్లై చేయడం. మే, జూన్‌లో చదువైపోతుంది. చేరేది మరుసటి ఏడు ఆగస్టులో. మధ్యలో ఏడాది పైనే ఉంటుంది. దాన్ని "గ్యాప్" అని పిలిచి భయపడకండి. ఆ ఏడాదిలో ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరితే డబ్బులకు డబ్బులు, చేతికి పని, లేఖకు ఒక గట్టి పేరు. ఈ పోస్టులకు పెద్ద ప్రకటనలు రావు. సంస్థల వెబ్‌సైట్లలో రిక్రూట్‌మెంట్ పేజీలో పెడతారు, కొన్నిటికి నేరుగా వాక్-ఇన్‌లే ఉంటాయి. సోమవారం సోమవారం ఆ పేజీలు తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. నా అభిప్రాయం అడిగితే, వేసవిలో గట్టిగా పని చేయనివాళ్లందరికీ ఈ రెండో దారే మంచిది.

బీఎస్సీలో ఉన్నవాళ్లకు ఒక మాట. మన మూడేళ్ల డిగ్రీని చాలా అమెరికా యూనివర్సిటీలు నాలుగేళ్ల బ్యాచిలర్స్‌తో సమానంగా చూడవు. ఎమ్మెస్సీ తర్వాతే వెళ్లడం మేలు. మన దగ్గర 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంది. అర్హత వేరు, సిద్ధంగా ఉండటం వేరు. పైన చెప్పిన రెండు కాగితాలూ నిండాకే దాని గురించి ఆలోచించండి.

నాలుగో అడుగు: ఇక్కడి పరీక్షలను అదే ఏడాదిలో సర్దుకోండి

సైన్స్ పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు సెషన్ల పేరుతో. అసలు పరీక్ష తేదీలు ఒక్కోసారి తర్వాతి నెలల్లోకి జరుగుతుంటాయి, నోటిఫికేషన్ మీద ఓ కన్నేసి ఉంచండి. కెమికల్ సైన్సెస్ పేపరు 200 మార్కులు, మూడు గంటలు, తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. ఫైనలియర్‌లో ఉండగానే రాయవచ్చు, రాయండి. జేఆర్‌ఎఫ్ (నెట్‌తో వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) చేతిలో ఉంటే జీతం మీ వెంటే వస్తుంది కాబట్టి ల్యాబు మీరు ఎంచుకోగలుగుతారు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయ్యాక 42,000. ఇంటి అద్దె అలవెన్సు దానికి అదనం.

గేట్ ఫిబ్రవరిలో. స్కోరు మూడేళ్లు పనికొస్తుంది కాబట్టి ఒక ఏడు ఆగుదామనుకునేవాళ్లు కూడా రాసి పెట్టుకోవడం మంచిది. టీఐఎఫ్‌ఆర్ ప్రవేశ పరీక్ష మామూలుగా డిసెంబరులో ఉంటుంది, సరిగ్గా అమెరికా డెడ్‌లైన్ల మధ్యలో. రెండూ అనుకునేవాళ్లు ఎస్‌ఓపీని నవంబరులోనే ముగించాలి.

జర్మనీ లెక్క వేరు. అక్కడ చాలా పీహెచ్‌డీలు ఉద్యోగాల్లా ఏడాది పొడవునా ప్రకటనల్లో వస్తాయి, ప్రొఫెసర్ నేరుగా తీసుకుంటారు, మాస్టర్స్ పూర్తయి ఉండాలి. కాబట్టి అక్కడికి సరైన సమయం మీ థీసిస్ చేతిలో ఉన్న సమయం. అమెరికాలో మాత్రం ఎక్కువ డిపార్ట్‌మెంట్లలో సీటు ఇచ్చేది కమిటీ. ల్యాబు ఎంచుకునేది చేరిన కొన్ని నెలలకు. ప్రొఫెసర్ మీ మెయిల్‌కు జవాబు ఇవ్వలేదని దిగులు పడి అప్లికేషన్ మానుకోకండి.

ఐదో అడుగు: డిసెంబరు 1 నుంచి వెనక్కి లెక్కపెట్టండి

డిసెంబరు 1 రాత్రి 11:59 అని రాసి ఉందనుకోండి. అది అమెరికా తూర్పు తీరం టైమైతే మనకు డిసెంబరు 2 పొద్దున 10:29. ఈ లెక్క తెలుసుకోండి గానీ దాని మీద ఆధారపడకండి. ఆఖరి రాత్రి సైటు నత్తనడక నడుస్తుంది, కార్డు పేమెంట్ ఆగిపోతుంది. నవంబరు 23, 24 నాటికి మీ వైపు పని అయిపోవాలి.

అంటే ఎస్‌ఓపీ అక్టోబరులో మొదలవ్వాలి. ఆరేడు సార్లు తిరగరాస్తే గానీ అది మీదవ్వదు. ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ కూడా అక్టోబరులోపే. స్కోరు రెండేళ్లు చెల్లుతుంది కాబట్టి ఎమ్మెస్సీ మొదటి ఏడాది వేసవిలో రాసేసినా ఇబ్బంది లేదు. జీఆర్‌ఈ చాలా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లు అడగడం మానేశాయి. ఒక్కో డిపార్ట్‌మెంట్ పేజీ చూసుకుని, ఒక్కరూ అడగకపోతే ఆ డబ్బులు మిగుల్చుకోండి. కెమిస్ట్రీ సబ్జెక్ట్ జీఆర్‌ఈ అయితే 2023లోనే ఆపేశారు. దాని కోసం పాత పుస్తకాలు కొనమని ఏ సీనియర్ చెప్పినా వినకండి.

లేఖలు సెప్టెంబరులో అడగాలి. బతుకమ్మ, దసరా సెలవులకు సార్లు ఊళ్లకు వెళతారు. దీపావళి అయ్యేసరికి మీరు అడిగిన సంగతే మరిచిపోతారు. సెప్టెంబరులో అడిగి, నవంబరు మొదటి వారంలో ఒకసారి, మూడో వారంలో ఒకసారి గుర్తు చేయండి. గుర్తు చేయడం అమర్యాద అనుకోవద్దు. పోర్టల్ లింకు వాళ్ల మెయిల్‌లో స్పామ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, అదీ చెప్పండి.

ట్రాన్‌స్క్రిప్టులకు ఆగస్టులోనే అప్లై చేయండి. డిగ్రీ ఒక చోట, పీజీ ఒక చోట చదివితే రెండు పరీక్షల విభాగాల చుట్టూ తిరగాలి. సంతకం పెట్టాల్సినవాళ్లు సెలవులో ఉంటారు, పేరులో ఒక అక్షరం తేడా ఉందంటారు. నా స్నేహితురాలి మెమోలో ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉండి ఆరు వారాలు పట్టింది. మీ మెమోలు, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టుకుని ఇవాళే ఒక్కో అక్షరం సరిచూసుకోండి.

జూన్, జులైల్లో చేయాల్సింది చదవడం. ర్యాంకుల జాబితా పక్కన పెట్టి, మీకు నచ్చిన పేపర్లు ఎవరివో చూసి, ఆ ప్రొఫెసర్లున్న డిపార్ట్‌మెంట్లు రాసుకోండి. ఒక చోట కనీసం ముగ్గురి పని మీకు నచ్చాలి. ఒక్కరి కోసమే వెళితే, ఆయన ఆ ఏడు విద్యార్థులను తీసుకోకపోవచ్చు, వేరే యూనివర్సిటీకి మారిపోవచ్చు. ఏడెనిమిది చోట్లు చాలు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు

ఫార్మాలో రెండేళ్లు చేశాక "ఇంక ఆలస్యమైపోయింది" అని చాలామంది వదిలేసుకుంటారు. ఇది నాకు బాధ కలిగించే విషయం. ఆర్ అండ్ డీలో సింథసిస్ బెంచి మీద రెండేళ్లు పనిచేసిన చేతులకు, అప్పుడే ఎమ్మెస్సీ ముగించిన చేతులకు ఉన్న తేడా ఏ ప్రొఫెసర్‌కైనా తెలుసు. నాణ్యత చూసే క్యూసీలో, మిశ్రమాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ నడిపినవాళ్లు అనలిటికల్ కెమిస్ట్రీ వైపు చూడండి. ఒక ఇంప్యూరిటీ పీక్ ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి పట్టుకున్న అనుభవం ఉంటే అదే మీ పేజీ. ప్రొడక్షన్ షిఫ్టుల్లో ఉన్నవాళ్లకు మాత్రం పరిశోధన చూపించడం కష్టం. ముందు ఆర్ అండ్ డీకి మారడమో, ప్రాజెక్ట్ పోస్టులో చేరడమో చేసి ఏడాది తర్వాత అప్లై చేయండి.

కంపెనీలో చేసిన కాంపౌండ్ల నిర్మాణాలు ఎస్‌ఓపీలో రాయకండి, సంతకం పెట్టిన ఒప్పందం అందుకు ఒప్పుకోదు. సమస్య ఏమిటి, మీరు ఎలా ఆలోచించారు అన్నంత వరకు రాయవచ్చు. సర్వీస్ బాండ్ ఎప్పటికి తీరుతుంది, నోటీస్ పీరియడ్ ఎన్ని నెలలు అన్నది ముందే చూసుకోండి. లేఖ మీ టీమ్ లీడర్‌ను అడగవచ్చు, పీహెచ్‌డీ చేసినవాళ్లయితే ఇంకా మంచిది. ఒక లేఖ మాత్రం మీ యూనివర్సిటీ నుంచి ఉండాలి. అందుకే కాలేజీ వదిలేశాక కూడా ఏడాదికోసారైనా సార్‌కు ఫోన్ చేస్తూ ఉండండి.

వయసు గురించి ఒక్క మాట. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో పీహెచ్‌డీ వచ్చింది 1930లో, 35 ఏళ్ల వయసులో. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద, ఆ తర్వాత క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ వరకు నడిచిన పరిశోధన మీద ఆయన పేరుంది. అయితే మన దగ్గర జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉంది, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు సడలింపు ఉంది. అది నోటిఫికేషన్‌లో చూసుకుని దాని ప్రకారం సంవత్సరం లెక్కేసుకోండి.

ఇంట్లో మాట

అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి సీటు వస్తే సాధారణంగా ఫీజు మాఫీ, టీచింగ్ అసిస్టెంట్‌గా నెలనెలా స్టైపెండ్. లక్షల అప్పు అక్కర్లేదు. మన ఊళ్లో అమెరికా చదువు అనగానే ఎమ్మెస్ అప్పే గుర్తొస్తుంది కాబట్టి ఇంట్లో ఈ తేడా ముందే విడమరిచి చెప్పండి. అప్లికేషన్ ఫీజు ఒక్కోటి సుమారు 75 నుంచి 100 డాలర్లు. ఎనిమిది చోట్లకు 50 నుంచి 70 వేల రూపాయలు అవుతుంది. కొన్ని డిపార్ట్‌మెంట్లు అడిగితే ఫీజు మాఫీ చేస్తాయి, సిగ్గుపడకుండా అడగండి. నా మొదటి ప్రయత్నానికి బాపు చిట్టీ ఎత్తారు. అది పోయాక రెండోసారి అడగలేకపోయాను, ప్రాజెక్ట్ జీతంలో నెలకు కొంత దాచి కట్టుకున్నాను. ఆగిన ఏడాది ఆ రకంగానూ పనికొచ్చింది.

అమ్మ అడిగింది ఒకటే: "ఎన్నేళ్లు బిడ్డా?" అయిదేళ్లు, ఆరు కూడా కావచ్చు అని చెప్పాను. రెండేళ్లని చెప్పి ఒప్పించి వెళ్లినవాళ్లు మూడో ఏడు నుంచి ప్రతి ఆదివారం ఫోన్లో అబద్ధమాడాల్సి వస్తుంది. పెళ్లి సంబంధాల ఒత్తిడి ఉన్న అమ్మాయిలైతే ఈ సంఖ్య మరీ స్పష్టంగా చెప్పాలి. టెన్షన్ ఒక వారం ఉంటుంది, తర్వాత ఇంట్లోవాళ్లూ దానికి తగ్గట్టు ఆలోచిస్తారు.

ఉద్యోగం దొరకలేదని, క్లాసులో అందరూ వేస్తున్నారని మాత్రం అప్లై చేయకండి. అయిదేళ్లు ఒకే సమస్యతో కూర్చోవాలి, ఆ కారణాలు మొదటి చలికాలం కూడా నిలవవు.

సెప్టెంబరు 15న తేల్చేయండి

ఒక తేదీ పెట్టుకోకపోతే నవంబరు దాకా "చూద్దాం" అంటూనే ఉంటాం. సెప్టెంబరు 15న రెండు కాగితాలూ బల్ల మీద పెట్టండి. మూడు పేర్లలో గట్టిది ఒకటి, మోస్తరుది ఒకటి ఉండి, పేజీ నిండి, ట్రాన్‌స్క్రిప్టులకు అప్లై చేసి ఉంటే ఈ ఏడే వేయండి. ఇంగ్లీషు బాగాలేదని, మార్కులు ఇంకాస్త ఉంటే బాగుండేదని ఆగకండి. పేజీ ఖాళీగా ఉంటే ఎన్ని మార్కులున్నా ఆగండి.

ఫలితాలు జనవరి చివర నుంచి మార్చి దాకా వస్తుంటాయి. ఫెలోషిప్‌తో వచ్చిన సీటుకు అవునో కాదో చెప్పడానికి చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా టైమిస్తాయి. అంతకంటే ముందే చెప్పమని తొందరపెడితే, ఏప్రిల్ 15 దాకా ఆగుతామని యూనివర్సిటీలు చేసుకున్న ఒప్పందంలో అదీ ఉందేమో చూసి, మర్యాదగా గుర్తు చేయండి. ఈలోపు మీకు నచ్చిన గ్రూపుల్లోని విద్యార్థులతో మాట్లాడండి. ఎన్నేళ్లకు బయటపడుతున్నారు, ప్రొఫెసర్ వారంలో ఎన్నిసార్లు కలుస్తారు, మధ్యలో వదిలేసినవాళ్లు ఎంతమంది అని సూటిగా అడగండి. ఇక్కడ జేఆర్‌ఎఫ్, అక్కడ సీటు రెండూ ఉన్నవాళ్లు దేశం పేరు చూసి కాకుండా ఆ జవాబులు చూసి ఎంచుకోండి. వద్దనుకున్నచోట వెంటనే చెప్పేయండి, వెయిటింగ్ లిస్టులో ఇంకొకరుంటారు.

అన్నిచోట్ల నుంచీ కాదని వస్తే, ఒక వారం ఏడవండి, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత మూడు పేర్ల కాగితం మళ్లీ తీసి, ఏ పేరు కింద రాయడానికి ఏమీ దొరకలేదో చూడండి. ఆ ఖాళీ నింపగలిగే ల్యాబుకు ఏప్రిల్‌లోనే మెయిల్ పెట్టండి. జూన్‌లో చేరితే డిసెంబరు 1కి ఆరు నెలల పని చేతిలో ఉంటుంది.